సముద్రాన్ని వదిలేసిన ఫైలు: ట్రాన్స్ మౌంటెన్ పైపులైను విస్తరణపై పోరాటం, ఒక కేస్ స్టడీ

2018 ఆగస్టు 30న కెనడాలో కొన్ని గంటల తేడాతో రెండు నిర్ణయాలు వెలువడ్డాయి. పొద్దున ఫెడరల్ అప్పీల్ కోర్టు, ట్రాన్స్ మౌంటెన్ చమురు పైపులైను విస్తరణకు కేంద్ర కేబినెట్ ఇచ్చిన అనుమతిని కొట్టేసింది. ఆ తర్వాత కాసేపటికే కిండర్ మోర్గాన్ కెనడా వాటాదారులు ఆ పైపులైనును 450 కోట్ల కెనడా డాలర్లకు అదే కేంద్ర ప్రభుత్వానికి అమ్మేందుకు ఓటు వేశారు. అనుమతి చెల్లకుండా పోయిన ప్రాజెక్టు సర్కారు సొత్తయింది. 2024 మే 1న అందులో చమురు కూడా పారింది.

పర్యావరణ అభ్యంతరాలు ఎక్కడ పట్టు దొరికించుకున్నాయి, ఎక్కడ జారిపోయాయి అన్నది పేజీ నంబర్లతో సహా నమోదైన కేసు ఇది. పబ్లిక్ హియరింగులకు అభ్యంతరాలు రాసేవాళ్లు, అటువైపు కూర్చుని ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నివేదికలు తయారుచేసేవాళ్లు, ఇద్దరూ చదవాల్సిందే. చమురే వద్దన్న వాదన ఈ ప్రాజెక్టును ఒక్కరోజు కూడా ఆపలేదు. ఆపినవి చాలా చిన్నవి: ప్రాజెక్టు హద్దు ఎక్కడ గీశారన్న ఒక పేరా, సంప్రదింపులకు వచ్చిన అధికారి చేతిలో ఏ అధికారమూ లేకపోవడం, ఒక చెట్టుమీద పిట్టగూడు.

గొట్టం పక్కన గొట్టం

పాత పైపులైను 1953 నుంచి నడుస్తోంది. ఆల్బర్టాలో ఎడ్మంటన్ పక్కన మొదలై, రాకీ పర్వతాలు దాటి, బ్రిటిష్ కొలంబియాలో వాంకూవర్‌ను ఆనుకుని ఉన్న బర్నబీ దాకా 1,150 కిలోమీటర్లు. రోజుకు 3 లక్షల పీపాలు మోసేది. విస్తరణ దస్త్రంలో ఉన్నవి ఇవి: సుమారు 980 కి.మీ. కొత్త గొట్టం, మూతబడి ఉన్న 193 కి.మీ. పాత గొట్టాన్ని తిరిగి వాడకంలోకి తేవడం, 12 కొత్త పంపు స్టేషన్లు, 19 కొత్త ట్యాంకులు, బర్నబీలోని వెస్ట్‌రిడ్జ్ రేవులో నౌకలు ఆగే 3 కొత్త బెర్తులు. మొత్తం సామర్థ్యం రోజుకు 8.9 లక్షల పీపాలు.

'విస్తరణ' అన్న మాట వింటే ఉన్నదాన్ని కాస్త పెద్దది చేస్తున్నారనిపిస్తుంది. పాత గొట్టం ఎక్కువ భాగం 24 అంగుళాలు, కొత్తది 36. వ్యాసం ఒకటిన్నర రెట్లయితే లోపలి అడ్డుకోత రెండుంపావు రెట్లవుతుంది. పనివిభజన కూడా మారింది. పాత లైనుకు తేలిక చమురు, శుద్ధి చేసిన ఉత్పత్తులు అప్పగించి, బరువైన చమురు మొత్తం కొత్త లైనుకు మళ్లించారు. దారిలో 73 శాతం పాత గొట్టానికి కేటాయించిన నేల వెంటే, ఇంకో 16 శాతం రోడ్లు, కరెంటు లైన్లు, కేబుళ్ల వెంట, 11 శాతం మాత్రమే కొత్త నేల అని కంపెనీ చెప్పుకుంది. అంకె సరైనదే. కానీ 1953లో పొలాలూ పొదలూ ఉన్నచోట ఇప్పుడు ఇళ్లున్నాయి. గొట్టం పాత దారే, చుట్టూ ఊరు కొత్తది.

అసలు మార్పు గొట్టం ఆగిపోయిన చోట మొదలవుతుంది. వెస్ట్‌రిడ్జ్ రేవుకు అంతకుముందు నెలకు 5 ట్యాంకర్లు వచ్చేవి, విస్తరణ తర్వాత 34 వరకూ రావచ్చు. అఫ్రామాక్స్ అనే మధ్యతరహా చమురు నౌకలు అవి. బురార్డ్ ఇన్‌లెట్ అనే సన్నటి కయ్యలో, సెకండ్ నారోస్ వంతెనల కిందుగా, పోటు నిలకడగా ఉన్న కాసేపట్లో టగ్గుల సాయంతో బయటికి రావాలి. ఆ తర్వాత సేలిష్ సముద్రం, అక్కడినుంచి పసిఫిక్.

ఈ బరువైన చమురును డైల్యూటెడ్ బిటుమెన్ అంటారు. బిటుమెన్ రోడ్డు తారులా ఉంటుంది, మామూలుగా పారదు. దాదాపు 70 పాళ్ల బిటుమెన్‌కు 30 పాళ్లు కండెన్సేట్ లాంటి పలుచని ద్రవం కలిపి పంపుతారు. నీళ్లలో పడ్డప్పుడు మొదట తేలుతుంది. పలుచని భాగం గాల్లో కలిసిపోయే కొద్దీ మిగిలింది చిక్కబడి, మట్టిరేణువులు అంటుకుని అడుక్కి దిగుతుంది. నీటిమీద తేలే నూనెను చుట్టేసే బూములు, పైనుంచి తోడే స్కిమ్మర్లు అప్పుడు పనికిరావు. 2010 జూలైలో అమెరికాలో మిషిగన్ రాష్ట్రం కలమజూ నది దగ్గర జరిగింది ఇదే. ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ 6బి లైను పగిలి 8.43 లక్షల గ్యాలన్లు కారింది. నది అడుగు తవ్వి తీయాల్సి వచ్చింది. అంతకన్నా గుర్తుపెట్టుకోవాల్సింది కంట్రోల్ రూంలో జరిగింది. ప్రెషర్ పడిపోతే లైనులో చమురు తెగి ఖాళీ ఏర్పడిందనుకున్నారు. రెండుసార్లు పంపులు మళ్లీ ఆన్ చేశారు. మొత్తం కారినదాంట్లో 81 శాతం ఆ రెండు స్టార్టుల్లోనే పోయిందని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. లీకు గుర్తించడానికి 17 గంటలు పట్టింది, అదీ బయటినుంచి ఒక ఫోను వస్తే. లీకును పట్టే సాఫ్ట్‌వేర్ ఉంది కదా అని హియరింగులో ఎవరైనా చెబితే అడగాల్సిన ప్రశ్న ఒకటే: అలారం మోగాక పంపు ఆపాల్సింది ఎవరు, మళ్లీ ఆన్ చేయడానికి ఎవరి అనుమతి కావాలి?

ఇన్‌లెట్ డ్రైవ్‌లో ఏం జరిగింది

బర్నబీలో జనానికి ఇదంతా పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. 2007 జూలై 24 మధ్యాహ్నం ఇన్‌లెట్ డ్రైవ్ అనే వీధిలో వాననీటి కాలువ పని జరుగుతోంది. ఎక్స్‌కవేటర్ బకెట్టు తగిలి 24 అంగుళాల చమురు గొట్టం చిల్లిపడింది. డ్రాయింగులో గొట్టం చూపించిన చోటు ఒకటి, నేలలో ఉన్న చోటు ఇంకొకటి. తవ్వే ముందు చేత్తో గుంట తీసి గొట్టాన్ని కళ్లతో చూసుకుని ఉంటే సరిపోయేది. చమురు ఇళ్ల ఎత్తున పైకి చిమ్మింది. 11 ఇళ్లమీద నేరుగా పడింది, 50 దాకా ఆస్తులు పాడయ్యాయి, సుమారు 250 మంది ఇళ్లు వదిలి వెళ్లారు.

మొత్తం 234 ఘనపు మీటర్లు బయటికొచ్చింది. ట్యాంకులు కొండమీద, రేవు కింద సముద్రపు ఒడ్డున. పంపులు ఆపినా వాలుకు గొట్టంలోని చమురు దిగుతూనే ఉంటుంది కాబట్టి ఏ వాల్వు ముందు మూయాలన్నది అక్కడ ప్రాణప్రదమైన విషయం. వీధిలో పడ్డ చమురు వాననీటి కాలువల్లో దిగి బురార్డ్ ఇన్‌లెట్‌కు చేరింది. గొట్టం నేలమీద పగిలినా నష్టం సముద్రానిదైంది. పదకొండేళ్ల తర్వాత కోర్టు చెప్పిన మాటకు ఈ వీధి ముందుమాట లాంటిది.

2012 జనవరిలో అబ్బొట్స్‌ఫర్డ్ దగ్గరి సుమాస్ ట్యాంకుల్లోనూ చమురు కారింది. బర్నబీ కొండవాలున ట్యాంకుల సంఖ్య 13 నుంచి 26 అవుతుందని తెలిశాక నగర అగ్నిమాపక శాఖ 2015లో ఒక నివేదిక రాసింది. ట్యాంకుల మధ్య దూరం తగ్గిపోతుంది, ఒకదాని మంట ఇంకొకదానికి పాకుతుంది, మంటలార్పే బండ్లు చేరేందుకు చోటుండదు, పైనున్న సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ నుంచి కిందికి దిగే రోడ్లు ఆ ట్యాంకుల పక్కనుంచే పోతాయి. ఇలా ఒక్కొక్కటీ నక్షామీద వేలు పెట్టి చూపించింది. పర్యావరణ సంస్థల మాటను 'వాళ్లు అలాగే అంటారు' అని పక్కన పెట్టొచ్చు. ఊరి ఫైరాఫీసరు సంతకంతో వచ్చిన కాగితాన్ని అలా పెట్టడం కష్టం.

విచారణ నడిచిన తీరు

కిండర్ మోర్గాన్ 2013 డిసెంబరు 16న, పైపులైన్ల దరఖాస్తులు పరిశీలించే కేంద్ర సంస్థ నేషనల్ ఎనర్జీ బోర్డుకు దరఖాస్తు పెట్టింది. 15,000 పేజీలు. అప్పటి అంచనా వ్యయం 540 కోట్ల డాలర్లు. దానికి ఏడాది ముందే, 2012లో, కేంద్రం చట్టాలు మార్చింది. బోర్డు 15 నెలల్లో తేల్చేయాలి. 'నేరుగా ప్రభావితమయ్యే' వాళ్లకే లోపలికి ప్రవేశం. సుమారు 400 మందికి ఇంటర్వీనర్ హోదా, అంటే సాక్ష్యం పెట్టి ప్రశ్నలడిగే హక్కు, దక్కింది. మిగతావాళ్లలో చాలామందికి ఒక ఉత్తరం రాసుకునే అవకాశం ఇచ్చారు, కొన్ని వందలమందికి అదీ లేదు.

నోటితో క్రాస్ ఎగ్జామినేషన్ ఎత్తేశారు. ప్రశ్నలు కాగితంమీద పంపాలి, కంపెనీ కాగితంమీద జవాబిస్తుంది. దీంట్లో తిరకాసు ఈ పని చేసినవాళ్లకు తెలుస్తుంది. 'ఈ వాల్వు మూసుకోవడానికి ఎన్ని నిమిషాలు?' అని అడిగితే 'వివరమైన డిజైన్ దశలో నిర్ణయిస్తాం' అని రాసిస్తారు. ఎదురుగా నిలబెట్టి అడిగితే అక్కడే రెండో ప్రశ్న పడుతుంది. కాగితంమీద రెండో ప్రశ్న కొన్ని నెలల తర్వాతి మాట. బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వ విద్యుత్ సంస్థ బీసీ హైడ్రో మాజీ అధిపతి మార్క్ ఎలీసెన్ 2014లోనే ఈ పద్ధతిని ఎండగట్టి విచారణ నుంచి తప్పుకున్నారు. తప్పుకోవడం వార్తయితే అయింది గానీ, ఉండి ప్రశ్నలు రాసినవాళ్ల కాగితాలే ఆ తర్వాత కోర్టులో రికార్డుగా నిలిచాయి.

పర్యావరణ అంచనా హద్దులోంచి రెండు పెద్ద విషయాలు మొదట్లోనే బయటికి పోయాయి. చమురు తవ్వేచోట, కాల్చేచోట వెలువడే ఉద్గారాలు ఒకటి. వాతావరణ మార్పు మీద వ్యతిరేకుల వాదనంతా ఆ హద్దు అవతలే ఉండిపోయింది, తర్వాత ఏ కోర్టులోనూ అది లోపలికి రాలేదు. రెండోది ట్యాంకర్ల రాకపోకలు. ప్రాజెక్టు అంటే గొట్టం, ట్యాంకులు, రేవు. రేవు దాటి కదిలే నౌక ప్రాజెక్టులో భాగం కాదని బోర్డు హద్దు గీసింది.

జీపీఎస్ అంకెలు తప్పితే

ఈలోగా 2014 చివర్లో బర్నబీ కొండమీద గొడవ మొదలైంది. గొట్టాన్ని వీధుల కిందినుంచి కాకుండా కొండలోంచి సొరంగంలో తీసుకెళ్లడానికి రాతి నాణ్యత చూడాలి, అందుకు బోర్లు వేయాలి. ఆ స్థలం నగరపాలక సంస్థ సంరక్షిత పార్కు. సెప్టెంబరులో సర్వే సిబ్బంది చెట్లు కొట్టారు. మా పార్కులో చెట్లు కొట్టడం మా బైలాకు విరుద్ధమని నగరం అంది. కేంద్ర చట్టం కింద సర్వే చేసే హక్కుకు మీ బైలా అడ్డురాదని బోర్డు అక్టోబరులో తేల్చింది. జనం కొండెక్కారు. పనికి ఎవరూ అడ్డురాకూడదని కంపెనీ కోర్టు నుంచి ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) తెచ్చుకుంది, పోలీసులు వందమందికి పైగా అరెస్టు చేశారు.

నవంబరు 27న కంపెనీ ఇంజంక్షన్ పొడిగించమని కోర్టుకెళ్లింది. తాము కోర్టుకిచ్చిన జీపీఎస్ కోఆర్డినేట్లు తప్పని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆదేశంలో రాసున్న స్థలం ఒకచోట, జనాన్ని పట్టుకున్న గీత ఇంకొకచోట. జడ్జి పొడిగింపు ఇవ్వలేదు, కోర్టు ధిక్కార కేసులు కొట్టేశారు. కంపెనీ డిసెంబరు 1లోగా సామాను సర్దుకుని దిగిపోయింది. అయితే బోర్డు ఇచ్చిన సర్వే హక్కు చెక్కుచెదరలేదు. సొరంగం ప్రణాళికలోనే ఉండిపోయి, తర్వాత 2.6 కి.మీ. తవ్వారు కూడా. ఇంజంక్షన్ నోటీసు చేతికొచ్చిన రోజే అందులోని అక్షాంశ రేఖాంశాలు ఫోనులో వేసి చూసుకోవడం పది నిమిషాల పని.

తిమింగలాలు, ఒక పేరా

సేలిష్ సముద్రంలో దక్షిణ నివాసి ఓర్కాలనే తిమింగలాల గుంపు ఉంటుంది. 2018 నాటికి 75 అటూఇటూ. వాటి తిండి ప్రధానంగా చినూక్ సాల్మన్ చేప. చీకటి నీళ్లలో శబ్దం పంపి, ప్రతిధ్వని వినిపించే చోటునుబట్టి చేపను పట్టుకుంటాయి. పెద్ద నౌక పోతుంటే ప్రొపెల్లర్ హోరులో ఆ ప్రతిధ్వని వినబడదు. చమురు ఒక్క చుక్క ఒలకకపోయినా, ఏ ప్రమాదమూ జరగకపోయినా, నౌక మామూలుగా నడిస్తేనే వాటికి నష్టం.

ఈ సంగతి బోర్డుకు తెలుసు. 2016 మే 19న 157 షరతులతో అనుమతి సిఫార్సు చేసిన నివేదికలోనే, ట్యాంకర్ల రాకపోకల వల్ల ఓర్కాలకు గణనీయమైన చెరుపు జరిగే అవకాశముందని రాసింది. నౌకలు ప్రాజెక్టులో భాగం కాదు కాబట్టి ఆ చెరుపును తూకంలో వేయలేదు. ప్రాజెక్టుకు గణనీయమైన పర్యావరణ నష్టం ఉండదని ముగించింది. కేబినెట్ ఆ నివేదిక ఆధారంగా 2016 నవంబరు 29న సరేనంది.

అప్పీల్ కోర్టులో స్లేల్-వాటూత్, స్క్వామిష్, కోల్డ్‌వాటర్ తదితర ఆదివాసీ జాతులు, వాంకూవర్, బర్నబీ నగరాలు, రెయిన్‌కోస్ట్, లివింగ్ ఓషన్స్ సంస్థలు కలిసి వాదించాయి. తిమింగలాలు ముఖ్యమా కాదా అన్న చర్చలోకి కోర్టు వెళ్లనేలేదు. నౌకలను హద్దు బయట పెట్టడానికి బోర్డు చూపిన కారణాలు చాలవంది. హద్దు తప్పడంతో, ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం 79వ సెక్షన్ ప్రకారం తీసుకోవాల్సిన జాగ్రత్తలు కూడా పక్కకు పోయాయంది. లోపమున్న నివేదికను కేబినెట్ ఆధారం చేసుకోకూడదు కాబట్టి అనుమతి చెల్లదంది. ఇంటర్వీనర్లు హద్దుమీద అభ్యంతరాన్ని విచారణ మొదట్లోనే కాగితంమీద పెట్టి ఉంచడం ఇక్కడ కలిసొచ్చింది. ఆఖర్లో గుర్తొచ్చిన అభ్యంతరానికి అప్పీలులో అంత బరువు ఉండదు.

మన దగ్గర ఇది ఎలా ఉంటుందో ఒక్క మాట. 2006 ఈఐఏ నోటిఫికేషన్ షెడ్యూలులో పైపులైను 6(ఎ), విడిగా ఉండే నిల్వ ట్యాంకులు 6(బి), ఓడరేవు 7(ఇ), రిఫైనరీ 4(ఎ). ఒకే చమురు నడిచే దారి నాలుగు వరుసల్లో ఉంటుంది. పైపులైనైతే అభయారణ్యాలు, జాతీయ పార్కులు, పగడపు దిబ్బలు, సున్నిత ప్రాంతాల గుండా పోతేనే ఆ వరుసలోకి వస్తుంది. మిగతాచోట్ల రైతు చేతిలో ఉండేది 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం. సెక్షన్ 3 నోటిఫికేషన్ వెలువడ్డాక 21 రోజుల్లో కాంపిటెంట్ అథారిటీకి (ఆ చట్టం కింద నియమించిన అధికారికి) అభ్యంతరం రాసివ్వాలి. భూమి రైతుదే, వాడకపు హక్కు మాత్రం కంపెనీది. పరిహారం నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం, పంట, చెట్ల నష్టం వేరు. గొట్టం మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. ఆ 21 రోజుల్లో ఎక్కువమంది పరిహారం గురించే రాస్తారు. దారి గురించి, వాల్వుల మధ్య దూరం గురించి, చెరువు దాటేచోట లోతు గురించి రాసేవాళ్లు తక్కువ.

రాసుకుని వెళ్లినవాళ్లు

తీర్పులో రెండో సగం ఆదివాసీ జాతులతో సంప్రదింపుల మీద. కెనడా రాజ్యాంగం 35వ సెక్షన్ ప్రకారం అది ప్రభుత్వ బాధ్యత, కంపెనీకి వదిలేయడానికి వీల్లేదు. బోర్డు నివేదిక తర్వాత, కేబినెట్ నిర్ణయానికి ముందు, ప్రభుత్వ బృందం ఒక్కో జాతితో కూర్చోవాలి. కూర్చున్నారు. మినిట్స్ ఉన్నాయి. కోర్టు ఆ మినిట్స్‌నే చదివింది.

వచ్చిన అధికారులు విన్నారు, నోట్ చేసుకున్నారు, పైవాళ్లకు చేరవేస్తామన్నారు. కోల్డ్‌వాటర్ ప్రజలు తమ తాగునీటి భూగర్భ జలాశయం మీదుగా గొట్టం పోతోందని చెప్తే, దారి మార్చడం గురించి చర్చించగల మనిషి ఆ గదిలో లేడు. బోర్డు పెట్టిన షరతులకు మించి కొత్తవి పెట్టే అధికారం తమకు లేదని ప్రభుత్వ బృందం అనుకుంది. అది పొరపాటని, కేబినెట్‌కు ఆ అధికారం ఉందని కోర్టు చెప్పింది. ఎన్ని సమావేశాలు జరిగాయన్న లెక్క దగ్గరే ఆగకుండా, అడిగినదానికి అర్థవంతమైన జవాబు వచ్చిందా అని చూసింది. సంప్రదింపుల సభకు వెళ్లేవాళ్లు అడిగిన ప్రతి ప్రశ్నకూ ఎదురుగా 'జవాబు' అని ఒక ఖాళీ గడి ఉంచిన పట్టిక తీసుకెళ్లి, సభ చివర్లో అందరి ముందూ చదివి మినిట్స్‌లో ఎక్కించడం ఎందుకు మంచిదో దీంతో అర్థమవుతుంది.

ఆదివాసీలంతా ఒకే మాటమీద ఉన్నారనుకుంటే పొరపాటు. 2018 నాటికి 43 ఆదివాసీ సమూహాలు కంపెనీతో ప్రయోజన ఒప్పందాలు చేసుకున్నాయి. ఉద్యోగాలు, కాంట్రాక్టులు, నగదు వాళ్లకు అవసరం, దాన్ని తప్పుపట్టేదేం లేదు. దారి పొడవునా ఉన్న జాతుల బాధలూ వేరు, తీరంలో ఉన్నవాళ్లవి వేరు.

వీధిలో, ఖజానాలో

2018 మార్చి 10న వేలమంది బర్నబీ కొండమీదికి నడిచారు. కంపెనీ ట్యాంకుల దగ్గర కోస్ట్ సేలిష్ ఆదివాసీల పద్ధతిలో దేవదారు చెక్కతో కాపలా ఇల్లు కట్టారు. పూర్వం శత్రువుల రాకను కనిపెట్టడానికి అలాంటివి కట్టేవారు. మార్చి 15న కోర్టు, కంపెనీ స్థలాల నుంచి 5 మీటర్ల లోపలికి ఎవరూ రాకూడదంది. ఆ ఏడాది 200 మందికి పైగా అరెస్టయ్యారు, ఇద్దరు ఎంపీలు ఎలిజబెత్ మే, కెన్నెడీ స్టూవర్ట్ సహా. ఈసారి కోఆర్డినేట్లు తప్పలేదు. ధిక్కారాన్ని క్రిమినల్ ధిక్కారంగా చూశారు. మొదట 500 డాలర్ల జరిమానాలు, తర్వాత వారం, రెండు వారాలు, నాలుగు వారాల జైలు. వాతావరణ సంక్షోభంలో మాకు వేరే దారి లేదన్న వాదనను జడ్జి వినడానికే ఒప్పుకోలేదు.

ఏప్రిల్ 8న కిండర్ మోర్గాన్ అత్యవసరం కాని ఖర్చు ఆపేసి, మే 31లోగా తేల్చమని గడువు పెట్టింది. అరెస్టులే దాన్ని తరిమాయని ఉద్యమ కథనాల్లో ఉంటుంది. కంపెనీ ఎత్తిచూపింది మాత్రం బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వాన్ని. బిటుమెన్ పెరుగుదలకు పరిమితి పెడతానని ఆ ప్రభుత్వం జనవరిలో ప్రకటించింది. దానికి కోపంతో ఆల్బర్టా ప్రభుత్వం బ్రిటిష్ కొలంబియా వైన్ కొనడం మానేసింది. ప్రైవేటు కంపెనీకి జనం తిట్టడం కన్నా, ఏ ప్రభుత్వం ఎప్పుడు ఏం చేస్తుందో తెలియకపోవడం ఎక్కువ ఖర్చు. అప్పటికి అంచనా 740 కోట్లు.

మే 29న కేంద్రం కొంటానంది. వ్యతిరేకుల లెక్క తలకిందులైంది ఇక్కడే. ఆలస్యం అనే ఆయుధం వాటాదారులకు భయపడే కంపెనీమీదే పనిచేస్తుంది. యజమానీ, అనుమతిచ్చేవాడూ ఒక్కరే అయ్యాక ఆలస్యానికి బిల్లు కట్టేది పన్ను కట్టేవాళ్లు. 2020లో అంచనా 1,260 కోట్లు, 2022లో 2,140, 2023లో 3,090, చివరికి సుమారు 3,400 కోట్ల డాలర్లు. దీనంతటికీ ఆందోళనలే కారణమనడం అబద్ధం. కోవిడ్, పనివాళ్ల కొరత, రాతి కనుమలు, భద్రతా కారణాలతో 2020 డిసెంబరులో పని మొత్తం నిలిపేయడం, 2021 నవంబరు వరదలకు పాత లైను కూడా మూడు వారాలు మూతబడటం, అన్నీ కలిశాయి. 2022లో పార్లమెంటు బడ్జెట్ అధికారి లెక్కవేసి, ఈ పెట్టుబడిలో ప్రభుత్వానికి నికరంగా 60 కోట్ల నష్టమన్నారు. ఖర్చు ఆ తర్వాత ఇంకా పెరిగింది.

రెండో అనుమతి త్వరగానే వచ్చింది. బోర్డు 155 రోజుల్లో సముద్రాన్ని 12 నాటికల్ మైళ్ల దాకా పరిశీలించింది. ఓర్కాలకు గణనీయమైన చెరుపు జరుగుతుందని 2019 ఫిబ్రవరి 22న మళ్లీ రాసి, దేశ ప్రయోజనం దృష్ట్యా సమర్థనీయమంటూ 156 షరతులతో అనుమతి సిఫార్సు చేసింది. సంప్రదింపులకు మాజీ సుప్రీం జడ్జి ఫ్రాంక్ యకోబూచీని పెట్టారు. జూన్ 17న పార్లమెంటు వాతావరణ అత్యవసర స్థితి ప్రకటించింది, జూన్ 18న కేబినెట్ పైపులైనుకు సరేనంది. ఈసారి ఫైలులో ఖాళీలు లేవు. 2020 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టు అభ్యంతరాలు తోసిపుచ్చింది, జూలైలో సుప్రీంకోర్టు వినడానికి నిరాకరించింది. బిటుమెన్ పరిమితిపై బ్రిటిష్ కొలంబియా వేసిన కేసును సుప్రీంకోర్టు అంతకుముందే జనవరి 16న బెంచిమీదనుంచే కొట్టేసింది.

దక్కినవి, జారిపోయినవి

దక్కినవాటిలో పెద్దది ఒలికిన చమురును ఎత్తే ఏర్పాటు. 2015 ఏప్రిల్‌లో వాంకూవర్ ఇంగ్లిష్ బేలో మారథాసా అనే సరుకు నౌక నుంచి ఇంధనం కారింది, సుమారు 2,700 లీటర్లే. నౌక చుట్టూ బూము వేయడం పూర్తయ్యేసరికి మర్నాడు తెల్లవారింది. ట్యాంకర్ సంగతేమిటని అడగడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేకపోయింది. అప్పటి చట్టం 10,000 టన్నుల స్పందన సామర్థ్యంతో సరిపెట్టేది. షరతుల్లో అది 36 గంటల్లో 20,000 టన్నులైంది, రేవు పరిధిలో 2 గంటల్లో చేరుకోవాలన్న నిబంధన వచ్చింది. పడవలు, స్థావరాలు, సిబ్బంది పెరిగారు.

అతి చిన్న ఆటంకం 2021లో వచ్చింది. బర్నబీలో బ్రూనెట్ నది ఒడ్డున చెట్లు కొడుతున్నారు. అన్నాస్ హమ్మింగ్‌బర్డ్ అనే పిట్ట, మన తేనెపిట్ట కన్నా పెద్దదేం కాదు, అక్కడ చలి పూర్తిగా వదలకముందే గూడు కడుతుంది. గూడు సాలెపట్టు, నాచుతో అల్లి ఉంటుంది, వక్కకాయను కాస్త పెంచితే ఎంతో అంత. చెట్టు కొట్టేవాడి కంటికి కొమ్మమీది బుడిపెలా కనిపిస్తుంది. పొరుగువాళ్లు బైనాక్యులర్లతో గూళ్లు వెతికి, ఫొటో తీసి, చోటు నమోదు చేసి పర్యావరణ శాఖకు పంపారు. వలస పక్షుల చట్టం కింద గూడున్న చెట్టును కొట్టడం నేరం. ఏప్రిల్‌లో శాఖ ఆ ప్రాంతంలో నరుకుడు ఆపమంది, ఆగస్టు 20 దాకా. చెట్లెక్కి కూర్చున్నవాళ్లు తేలేకపోయిన విరామం అది.

బీమా మీద ఒత్తిడి కొంత పనిచేసింది. జూరిక్, చబ్ లాంటి సంస్థలు తప్పుకున్నాయి. 2021లో రెగ్యులేటరు (పాత ఎనర్జీ బోర్డు స్థానంలో వచ్చిన సంస్థ) మిగతా బీమా కంపెనీల పేర్లు గోప్యంగా ఉంచడానికి అనుమతిచ్చింది.

జారిపోయినవి ఎక్కువగా చివరి ఏడాదిలో జారిపోయాయి. కామ్లూప్స్ దగ్గర పిప్సెల్ అనే చోటు సెక్వెపెమ్ ప్రజలకు పవిత్రం. అక్కడ నేలను కోయకుండా 1.3 కి.మీ. సన్న సొరంగం వేస్తామని ఒప్పుకున్నారు. 2023లో కంపెనీ, ఇప్పుడది ప్రభుత్వ కంపెనీ, రాతిలో సొరంగం సాగడం లేదని, డెడ్‌లైను దాటిపోతుందని, కొంత దూరం కందకం తవ్వి గొట్టం పెడతామని దరఖాస్తు చేసింది. ఆ జాతి ఒప్పుకోలేదు. సెప్టెంబరులో రెగ్యులేటరు సరేనంది. డిసెంబరులో ఫ్రేజర్ లోయలో మౌంటెన్ 3 అనే 2.3 కి.మీ. డ్రిల్లింగు దగ్గర 36 అంగుళాల బదులు 30 అంగుళాల గొట్టం పెట్టుకోనివ్వమని అడిగితే మొదట కాదంది, 2024 జనవరి 12న ఒప్పుకుంది.

ఇలాంటి మార్పు దరఖాస్తులను వేరియన్స్ అంటారు. పెద్ద విచారణ ముగిసి, ఇంటర్వీనర్ల లాయర్లు ఇళ్లకెళ్లాక, వారాల గడువుతో వస్తాయి. అప్పటికి గొట్టం రెండువైపులా పూడ్చేసి ఉంటుంది, మధ్యలో ఆ ముక్క ఒక్కటే మిగిలి ఉంటుంది. ఒప్పుకున్న నిర్మాణ పద్ధతిని షరతులోనే ఆ కిలోమీటరు రాళ్ల నంబర్లతో రాయించుకుని, మార్చాలంటే ఎవరి రాతపూర్వక సమ్మతి కావాలో కూడా అందులోనే రాయించుకోనివాళ్లకు ఆ దశలో చేయగలిగింది అభ్యంతర పత్రం ఇవ్వడమే. పిప్సెల్‌లో ఇచ్చారు. కందకం తవ్వారు.